పప్పుల ప్రొటీన్ తాగినా బరువెందుకు పెరిగాను?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మాంసం, గుడ్లు తినను. పాలు, పెరుగు తీసుకుంటాను. పప్పుజాతి గింజల ప్రొటీన్‌తో నెలకు 5 కిలోలు తగ్గొచ్చన్న ప్రకటన చూసి, బఠాణీ, సోయా కలిపిన ప్రొటీన్ పౌడర్ కొన్నాను. పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. అరగంట తర్వాత ఒక స్కూప్ పౌడర్‌లో పెద్ద గ్లాసుడు పాలు, అరటిపండు, చెంచాడు తేనె కలిపి తాగుతున్నాను. సాయంత్రం రెండు గుప్పెళ్లు వేయించిన వేరుశనగలు తింటున్నాను, అవీ పప్పుజాతే కదా అని. రాత్రి భోజనం బాగా తగ్గించాను. ఏడు వారాలు గడిచాయి. బరువు తగ్గకపోగా కిలోన్నర పెరిగాను. కడుపుబ్బరం, నీరసం కూడా ఉన్నాయి. నేనెక్కడ తప్పు చేస్తున్నాను? పౌడర్ మానేసి గింజలే తినాలా? పప్పుల ప్రొటీన్ అసంపూర్ణమని అంటారు, నిజమేనా?

సమాధానం: ముందు మీ థైరాయిడ్ మాత్ర గురించి. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు కానీ, చదవగానే నాకు టెన్షన్ పుట్టించింది అదే. ఆ మాత్రలో ఉండే మందు లెవోథైరాక్సిన్ ఒంటికి సరిగ్గా పట్టాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. సోయా ఆ మందుకు అడ్డుపడుతుంది. పాలల్లోని కాల్షియం కూడా అంతే. మాత్ర వేసుకున్న అరగంటకే ఆ రెండింటినీ ఒకే గ్లాసులో కలిపి తాగుతున్నారు మీరు. అంటే ఏడు వారాలుగా మీ మందు పూర్తిగా ఒంటికి పట్టకపోయి ఉండొచ్చు. థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే నీరసం వస్తుంది, మలబద్ధకం వస్తుంది, కడుపు ఉబ్బినట్టు ఉంటుంది, బరువూ కొంత పెరుగుతుంది. మీకున్న బాధలకు ఇదే కారణమని ఉత్తరం చూసి తేల్చలేను. కానీ దీన్ని పక్కన పెట్టి పప్పుల గురించి మాట్లాడటం సరికాదు.

రేపటి నుంచే మాత్రను మంచినీళ్లతో వేసుకుని, కనీసం గంట ఆగాకే ఏమైనా తినండి. సోయా ఉన్నవి, పాలు, కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు ఏవైనా సరే నాలుగు గంటల తర్వాతే. ఈ వారంలో టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్‌ను నడిపే హార్మోన్‌ను కొలిచే రక్తపరీక్ష) చేయించుకుని, పౌడర్ సంగతి కూడా మీ డాక్టరుకు చెప్పండి. మాత్ర మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చుకోకండి. వేళలు సరిచేసుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష అవసరం కావచ్చు, ఎందుకంటే ఆ హార్మోన్ స్థాయి కుదుటపడటానికి అంత సమయం పడుతుంది.

ఇక బరువు లెక్క చూద్దాం. కాగితం తీసుకుని నాతోపాటు మీరూ వేయండి. 30 గ్రాముల స్కూపులో 24 గ్రాముల వరకు ప్రొటీన్, సుమారు 120 కేలరీలు ఉంటాయి. 250 మిల్లీలీటర్ల వెన్న తీయని పాలు 150 పైచిలుకు. అరటిపండు 100. పెద్ద చెంచాడు తేనె 60. ఆ గ్లాసు మొత్తం 430 కేలరీలు. వేరుశనగలు పప్పుజాతివే, అందులో అనుమానం లేదు. కానీ వాటి బరువులో దాదాపు సగం నూనె. 100 గ్రాములకు 560 కేలరీలకు పైనే. రెండు గుప్పెళ్లంటే 50 గ్రాములు దాటతాయి, అంటే ఇంకో 300 కేలరీలు. రెండూ కలిపితే రోజుకు 730. ఇవన్నీ మీరు అంతకుముందు తినని తిండి.

కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 730 చొప్పున 49 రోజులు కలిపితే, లెక్క ప్రకారం మీరు నాలుగున్నర కిలోలు పెరగాలి. పెరిగింది కిలోన్నరే. శరీరం ఇంత కచ్చితమైన లెక్కలో నడవదు కానీ, రాత్రి భోజనం తగ్గించి మీరు పడ్డ కష్టం ఎంతటిదో ఈ తేడాలోనే కనిపిస్తోంది. ఆ కష్టమంతా పొద్దున తాగిన గ్లాసును పూడ్చుకోవడానికే సరిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. మీరు చెయ్యాల్సింది చేస్తూనే ఉన్నారు. పప్పుల ప్రొటీన్‌ను ఉన్న తిండికి తోడుగా కలిపారు, అక్కడే తేడా వచ్చింది. ఏదో ఒకటి తీసేసి, ఆ చోట దాన్ని పెట్టుకున్నప్పుడే అది బరువు తగ్గడానికి పనికొస్తుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఈ ఒక్క మాటే.

ఆ ప్రకటన సంగతి కూడా చూద్దాం. నెలకు 5 కిలోల కొవ్వు కరగాలంటే రోజూ 1,280 కేలరీల లోటు పడాలి. ఏ పొడీ అంత లోటు తేలేదు. ఇలాంటి ఆశ కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో అమెరికాలో చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన ఒక ప్రొటీన్‌ను ‘స్టార్చ్ బ్లాకర్’ మాత్రలుగా అమ్మారు. మాత్ర వేసుకుని ఎంత పిండిపదార్థం తిన్నా ఒంటికి పట్టదన్నారు. మనుషుల మీద పరీక్షించి చూస్తే పిండిపదార్థం ఎప్పటిలాగే అరిగిపోయింది. 1982లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ అమ్మకాలను ఆపించింది.

మరి పప్పు గింజలతో బరువు నిజంగా తగ్గుతుందా? తగ్గుతుంది, కొద్దిగా. 2016లో టొరంటో పరిశోధకులు 21 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 940 మందిని కలిపి లెక్క తీశారు. రోజుకు సుమారు 130 గ్రాముల ఉడికిన పప్పు గింజలు తిన్నవాళ్లు, తిననివాళ్ల కంటే ఆరు వారాల్లో సగటున 340 గ్రాములు ఎక్కువ తగ్గారు. కిలోలో మూడో వంతు. ఈ అంకె చూసి నిరుత్సాహపడకండి. కడుపు మాడ్చుకోకుండా, ఏళ్ల తరబడి చేయగలిగే పనికి వచ్చిన ఫలితం ఇది. నెలకు 5 కిలోలు అని చెప్పేవాళ్లకంటే ఈ 340 గ్రాములనే నేను నమ్ముతాను.

ఈ ఫలితం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ ప్లేటును మీరే సర్దుకోగలరు. మొదటిది, ప్రొటీన్‌ను అరిగించుకోవడానికే శరీరం కొంత ఖర్చుపెడుతుంది. 100 కేలరీల ప్రొటీన్ తింటే 20 నుంచి 30 కేలరీలు ఆ పనికే పోతాయి. పిండిపదార్థాలకు ఆ ఖర్చు 5 నుంచి 10, కొవ్వుకు 3 కూడా దాటదు. వినడానికి బాగుంటుంది, ప్రకటనల్లో దీన్నే గొప్పగా చెబుతారు. కానీ మీ స్కూపులోని 24 గ్రాములకు ఈ లాభం ఇరవై కేలరీలకు అటూఇటూ. అరటిపండులో ఒక్క ముక్కతో సమానం.

అసలు లాభం ఆకలి దగ్గర ఉంది. ప్రొటీన్ పేగుల్లోకి దిగినప్పుడు జీఎల్‌పీ-1, పీవైవై, సీసీకే అనే హార్మోన్లు విడుదలై ‘ఇక చాలు’ అని మెదడుకు చెబుతాయి. పప్పు గింజల్లో దీనికి తోడు పీచు కూడా ఉంటుంది. ఆ పీచు పెద్దపేగులో పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు కూడా వీటిలో జీఎల్‌పీ-1, పీవైవైలను కదిలిస్తాయి. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న ఇంజెక్షన్లలో ఉన్నది జీఎల్‌పీ-1ను పోలిన మందే. అయితే ఆ మందు రోజుల తరబడి ఒంట్లో నిలిచి ఉంటుంది. గిన్నెడు శనగలతో అంత ప్రభావం రాదు, అలా పోల్చి ఎవరైనా చెబితే నమ్మకండి.

2014లో వచ్చిన మరో సమీక్షలో, పప్పు గింజలున్న భోజనం చేశాక కడుపు నిండిన భావన సగటున 31 శాతం ఎక్కువగా ఉందని తేలింది. అదే సమీక్షలో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కడుపు నిండినట్టున్నా, తర్వాతి భోజనంలో ఆ మనుషులు తిన్న తిండి మాత్రం తగ్గలేదు. వేళకు ఎదురుగా ప్లేటు ఉంటే, అలవాటు ప్రకారం అంతే తినేస్తాం. కాబట్టి ‘పప్పు తిన్నాను, ఆకలి దానంతటదే తగ్గి తిండీ తగ్గుతుంది’ అని వదిలేస్తే కుదరదు. ప్లేటులోంచి తీసే పని మన చేత్తోనే జరగాలి.

పౌడరా, గింజలా అని అడిగారు. రాత్రి 100 గ్రాముల శనగలు నానబెట్టి చూడండి. పొద్దుటికి దాదాపు రెట్టింపు బరువు తూగుతాయి. మెత్తగా ఉడికించి, ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. పొట్టు జారిపోతుంది, లోపలి పప్పు మెత్తగా నలుగుతుంది. నలిగినదాన్ని వేళ్ల మధ్య ఇంకాస్త రుద్దితే సన్నటి ఇసుకలా గరగరగా తగులుతుంది. ఆ ఒక్కో రేణువూ ఇంకా గోడ చెదరని జీవకణం. పిండిపదార్థం, ప్రొటీన్ రెండూ ఆ గోడ లోపలే ఉన్నాయి. పేగుల్లో ఎంజైములు ఆ గోడ దాటి లోపలికి వెళ్లాలి. అందుకే అరుగుదల నిదానంగా సాగుతుంది, చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది, కొంత భాగం అరగకుండానే పెద్దపేగుదాకా పోతుంది. 1982లో డేవిడ్ జెంకిన్స్ అనే పరిశోధకుడి బృందం గమనించింది ఏమిటంటే, పొద్దున పప్పు గింజలు తిన్నవాళ్లకు మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. ఒక పూట తిన్నది రెండో పూటకు కూడా సాయపడిందన్నమాట.

పౌడర్ తయారీలో ఆ గోడలు పగిలిపోతాయి. పీచునూ పిండిపదార్థాన్నీ తీసేసి ప్రొటీన్ ఒక్కటే మిగులుస్తారు. అది చెడ్డదేమీ కాదు. సరిగా నమల్లేని పెద్దవాళ్లకు, జబ్బు నుంచి కోలుకుంటూ ఎక్కువ తినలేనివాళ్లకు బాగా ఉపయోగపడుతుంది. కానీ మీ గ్లాసు రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గిన్నెడు ఉడికిన శనగలు నమిలి తినడానికి పావుగంట పడుతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరాలంటే ఆ పావుగంట కావాలి. కొన్న డబ్బా పారేయమని అనను. అందులో సోయా ఉంది కాబట్టి మాత్రకు దూరంగా, మధ్యాహ్నం తర్వాత, నీళ్లలో కలిపి తాగండి. అది తాగిన రోజు ఆ పూట తినేదాంట్లో ఏదో ఒకటి తగ్గించండి. డబ్బా అయిపోయాక మళ్లీ కొనాల్సిన అవసరం మీకు కనిపించడం లేదు.

ఇప్పుడు ప్లేటు. చాలామంది పొరబడేది ఇక్కడే. పప్పు గింజల్లో కేలరీలు తక్కువని అనుకుంటారు. 100 గ్రాముల ఉడికిన అన్నంలో 130 కేలరీలుంటే, 100 గ్రాముల ఉడికిన మసూర్ గింజల్లో 116, శనగల్లో 164. పెద్ద తేడా లేదు, శనగల్లో ఇంకా ఎక్కువే. తేడా అంతా మిగతా వాటిలో. అన్నంలో ప్రొటీన్ 2.7 గ్రాములు, ఆ గింజల్లో 9 గ్రాముల దాకా. పీచు అన్నంలో అర గ్రాము కూడా ఉండదు, గింజల్లో ఏడెనిమిది గ్రాములు. కాబట్టి అన్నమో, రొట్టో, బ్రెడ్డో మీరు మామూలుగా తినేదాన్ని ముందు గిన్నెలో పెట్టుకుని సగం తీసేయండి. ఆ ఖాళీలో ఉడికిన గింజలు వేసుకోండి. మిగతా ప్లేటు కూరగాయలతో నింపండి. గింజలు, కూరగాయలు ముందు తిని, అన్నం ఆఖర్న తినండి. రెండోసారి వడ్డించుకునేముందు పది నిమిషాలు ఆగండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి ఈ పది నిమిషాలే కష్టం. వారం పట్టుదలగా చేస్తే మాత్రం ఆ రెండో వడ్డన చాలాసార్లు దానంతటదే అక్కర్లేకుండా పోతుంది.

నూనె విషయంలో జాగ్రత్త. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. గింజలు ఎంత మంచివైనా నూనెలో వేయిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వేరుశనగలు మానక్కర్లేదు, అరగుప్పెడు చాలు. తినేముందే గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత పెట్టేయండి.

ఎంత ప్రొటీన్ కావాలి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.8 గ్రాములు సరిపోతుంది. బరువు తగ్గే రోజుల్లో కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి 1.2 గ్రాముల దాకా వెళ్లొచ్చు. మీ విషయంలో రోజుకు 60 నుంచి 90 గ్రాముల మధ్య అన్నమాట. రెండు పూటలా 150 గ్రాముల చొప్పున ఉడికిన గింజలు తింటే 25 గ్రాములు వస్తాయి. పాలు, పెరుగు కలిపి అర లీటరుకు 17. ధాన్యం నుంచి మరో 15 దాకా. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ వండుకుంటే ఇంకో 15, ఎందుకంటే నూనె తీసిన సోయాలో సగం బరువు ప్రొటీనే. అదీ సోయానే కాబట్టి మధ్యాహ్నమో రాత్రో తినండి. అన్నీ కలిపితే 70 దాటింది, పౌడర్ లేకుండానే. ఈ ప్రొటీన్ కండగా నిలవాలంటే మాత్రం వారానికి రెండు మూడు రోజులైనా బరువులెత్తే వ్యాయామమో, కూర్చుని లేచే వ్యాయామమో చేయాలి.

‘అసంపూర్ణం’ అన్నమాట మిమ్మల్ని అనవసరంగా భయపెట్టింది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతుంది. పప్పుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కాస్త తక్కువ, లైసిన్ అనేది దండిగా ఉంటుంది. ధాన్యాల్లో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఒకే ముద్దలో, ఒకే పూట కలిపి తినాల్సిన పనిలేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే చాలు. పాలు కూడా తాగుతున్న మీకు ఈ దిగులు అసలు అక్కర్లేదు.

కడుపుబ్బరం మాత్రం నిజమే. పప్పు గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగుల్లో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా వాటిని తిని గ్యాస్ వదులుతుంది. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే బాగా తగ్గుతుంది. మొదటి వారం రోజుకు మూడు నాలుగు చెంచాలతోనే మొదలుపెట్టండి. పొట్టు తీసిన పెసరపప్పు, ఎర్రపప్పు తేలిగ్గా అరుగుతాయి, వాటితో శ్రీకారం చుట్టి శనగలు, రాజ్మా తర్వాత చేర్చండి. రెండు మూడు వారాల్లో పేగులు అలవాటుపడతాయి. పీచు పెరుగుతోంది కాబట్టి నీళ్లు కూడా పెంచాలి, లేకపోతే మలబద్ధకం మొదలవుతుంది.

రాజ్మా గురించి ఒక హెచ్చరిక. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ఒక రకం ప్రొటీన్ విషం లాంటిది. సగం ఉడికినవి నాలుగైదు గింజలు తిన్నా రెండు మూడు గంటల్లో తీవ్రంగా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు కళపెళా మరిగించి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచే స్లో కుక్కర్‌లో నేరుగా వేయకూడదు, ఆ వేడికి విషం విరగదు. మొలకలు కూడా ఆవిరి మీద ఉడికించుకునే తినండి. మొలక వచ్చే తడి, వెచ్చదనం బాక్టీరియాకు కూడా ఇష్టమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ-కొలై అనే బాక్టీరియా వల్ల 50 మందికి పైగా చనిపోయారు. పొడవుగా మొలిచిన పెసర మొలకల్లో నీళ్లే ఎక్కువ, ప్రొటీన్ 100 గ్రాములకు 3 గ్రాములే. కూరగాయల లెక్కలో తినండి, ప్రొటీన్ లెక్కలో వద్దు.

మీ ఇంట్లో ఇంకెవరైనా మీతోపాటు మొదలుపెడితే ఒకటి గుర్తుంచుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టరును అడిగి తీరాలి. షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు అన్నం తగ్గించి గింజలు పెంచితే చక్కెర మరీ పడిపోవచ్చు, మందు సర్దాల్సి రావచ్చు.

మీరు ఈ వారం చేయాల్సినవి రెండే. మాత్ర వేళ సరిచేసుకోవడం, టీఎస్‌హెచ్ చేయించుకోవడం. గింజలు వచ్చే వారం నాలుగు చెంచాలతో మొదలవుతాయి. బరువు వారానికి ఒక్కరోజే, పొద్దున ఏమీ తినకముందు చూసుకుని రాసిపెట్టుకోండి. ఎనిమిది వారాల తర్వాత ఆ అంకెలు, రెండు టీఎస్‌హెచ్ రిపోర్టులు పెట్టి మళ్లీ ఉత్తరం రాయండి. నీరసం ఎలా ఉందో మాత్రం మొదటి వాక్యంలోనే చెప్పండి.